క్రెడిట్ కోసం తొలి ప్రోగ్రామింగ్ కోర్సు: ఎన్‌పీటెల్‌లో సీ మేలా, పైథాన్ మేలా?

ప్రతి జులైలో, మళ్లీ జనవరిలో, ఎన్‌పీటెల్ (ఐఐటీల్లాంటి సంస్థల ప్రొఫెసర్లు చెప్పే ఆన్‌లైన్ కోర్సులు) సెమిస్టర్ వస్తోందనగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మేడమ్, క్రెడిట్‌కి ప్రోగ్రామింగ్ కోర్సు చేద్దామనుకుంటున్నాం. సీ తీసుకోమంటారా, పైథానా?" అడిగేది ఎక్కువగా సివిల్, మెకానికల్, ఈఈఈ పిల్లలు. ఫస్టియర్‌లో సీ పేపర్ పాసై ఉంటారు. కానీ సొంతంగా పది లైన్లు రాయమంటే చెయ్యి కదలదు. ఈ మాట వాళ్లని తప్పుపట్టడానికి అనడం లేదు. రికార్డులో ప్రోగ్రాం ఎక్కించడం, దాన్నే ల్యాబ్‌లో టైప్ చేయడం తప్ప మనం వాళ్లచేత చేయించింది తక్కువ.

అందరూ ముందు చూసేది క్రెడిట్ల లెక్క, అంటే ఆ కోర్సు మన డిగ్రీలో ఎంత లెక్కకొస్తుందన్నది. పన్నెండు వారాల కోర్సుకి 3, ఎనిమిది వారాల కోర్సుకి 2. కష్టం ఎటూ ఒకటే కదా, మూడు వచ్చేదే తీసుకుందాం అంటారు. అక్కడ తొందరపడకండి.

సీ అనగానే చాలామంది వెళ్లేది ఐఐటీ ఖరగ్‌పూర్ తరఫున ప్రొఫెసర్ అనుపమ్ బసు గారు చెప్పిన 'ప్రాబ్లం సాల్వింగ్ త్రూ ప్రోగ్రామింగ్ ఇన్ సీ'కి. పన్నెండు వారాలు. ఫ్లోచార్ట్ దగ్గర మొదలుపెట్టి అర్రేలు, ఫంక్షన్లు, పాయింటర్ల దాకా నిదానంగా తీసుకెళ్తారు. ఇంగ్లీషు లెక్చర్లంటే టెన్షన్ పడే తెలుగు మీడియం పిల్లలకి ఆ నిదానం నిజంగా మేలు చేస్తుంది. మెమరీ లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే సీని మించింది లేదు. మైక్రోకంట్రోలర్ల వైపు వెళ్లాలనుకునే ఈసీఈ, ఈఈఈ వాళ్లయితే నేనూ ఇదే చెబుతాను.

దీంతో వచ్చే చిక్కు వేరే ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో ఆరుగురు పిల్లలు సీ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. తీరా క్రెడిట్ అడిగితే, ఫస్టియర్ పేపర్ సిలబస్సూ ఇదీ ఒకటే, కుదరదన్నారు. పన్నెండు వారాల శ్రమ మార్కుల మెమోలో ఎక్కడా కనబడలేదు. యూజీసీ 2021 నిబంధనల్లో ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం (ఎన్‌పీటెల్ కోర్సులు కూడా నడిచే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) ద్వారా చేసే వీలుంది. కానీ అది పైహద్దు మాత్రమే. మీరు చేసే కోర్సు మీ దగ్గర దేనికి బదులుగా లెక్కకొస్తుందో అకడమిక్ సెక్షన్‌లో అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే చేరండి.

ఇక పైథాన్. ఐఐటీ రోపర్ ప్రొఫెసర్ సుదర్శన్ అయ్యంగార్ గారి 'ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' కూడా పన్నెండు వారాలే. పాఠాలన్నీ ఆటల చుట్టూ తిరుగుతాయి. వైకుంఠపాళి, మూడు తలుపుల పజిల్, మనం స్కూల్లో నోట్‌బుక్ చివరి పేజీల్లో ఇద్దరి పేర్లు రాసి అక్షరాలు కొట్టేసుకున్న ఫ్లేమ్స్ కూడా ఉంది. ప్రోగ్రామింగ్ అంటేనే భయపడే పిల్లలకి ఇది మంచి మందు. అయితే చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి, అదే ఆట మీరొక్కరే రాయగలిగితేనే వచ్చినట్టు.

నా దృష్టిలో కోర్సు మేలో కాదో తేల్చేది ఇదే. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు మొదటి లైను ఎక్కడినుంచి వస్తుంది? భాష ఏదన్నది ఆ తర్వాతి మాట. ఆ మొదటి లైనుని రప్పించడం నేర్పే కోర్సు నేను చూసినంతలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారిది: 'ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్ యూజింగ్ పైథాన్'. ఎనిమిది వారాలు, రెండే క్రెడిట్లు.

మొదటి వారం మొత్తం ఒకే లెక్క చుట్టూ నడుస్తుంది. మనం హైస్కూల్లో చేసిన గ.సా.భా. 48, 36 తీసుకోండి. ముందు రెండింటి కారణాంకాలూ రాసి, ఉమ్మడిగా ఉన్నవి ఏరి, అందులో పెద్దది 12 అంటాం. తర్వాత, ఆ జాబితాలన్నీ దాచుకోవడం ఎందుకు, చిన్న సంఖ్య నుంచి కిందికి దిగుతూ రెండింటినీ భాగించేది దొరకగానే ఆగిపోవచ్చు కదా అన్న ఆలోచన వస్తుంది. చివరికి యూక్లిడ్ పద్ధతి. 48ని 36తో భాగిస్తే శేషం 12, 36ని 12తో భాగిస్తే శేషం సున్నా. రెండు అడుగుల్లో అయిపోయింది. జవాబు మూడుసార్లూ ఒకటే, దారి మాత్రం ప్రతిసారీ చిన్నదవుతోంది. దీన్ని కళ్లారా చూసిన విద్యార్థి ఇకపై ప్రోగ్రాంని బట్టీపట్టడు.

ఈ కోర్సులో అసైన్‌మెంట్లుగా ఇచ్చే ప్రోగ్రాంలని మనకి కనబడని టెస్ట్ కేసులతో, అంటే ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసే ఇన్‌పుట్లతో కూడా పరీక్షిస్తారు. పోయినసారి ఒక మెకానికల్ అబ్బాయి ప్రోగ్రాం కనబడే కేసులన్నీ దాటి, కనబడని ఒకదాని దగ్గర ఆగిపోయింది. నలభై నిమిషాలు ల్యాబ్‌లోనే కూర్చున్నాడు. లిస్టు ఖాళీగా వస్తే ఏం చేయాలో తను రాయలేదని చివరికి తనే పట్టుకున్నాడు. గడువు ముగిసేముందు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జవాబులు ఆ నలభై నిమిషాలు నేర్పింది నేర్పలేవు. పరీక్ష హాలులో అక్కరకొచ్చేదీ అదే.

ఈ కోర్సు వేగం ఎక్కువన్నది నిజం. మూడో వారానికల్లా ఊపిరాడనట్టు ఉంటుంది. ఇఫ్, లూప్ అన్న మాటలు కూడా వినని వాళ్లు ముందు అయ్యంగార్ గారి కోర్సు చేసి, తర్వాతి సెమిస్టర్‌లో దీనికి రండి.

ఐఐటీ కాన్పూర్‌ది సీలోనే ఎనిమిది వారాల కోర్సు ఒకటుంది, టైం తక్కువున్నవాళ్లకి సరిపోతుంది. జావా రెండో భాషగా నేర్చుకోండి. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 చాలా బాగుంటుంది కానీ స్వయంలో లేదు కాబట్టి ఈ క్రెడిట్ల లెక్కలోకి రాదు.

కోర్సులో చేరితే పరీక్షకి కట్టినట్టు కాదు. ఎగ్జామ్ రిజిస్ట్రేషన్ వేరే, దానికి ఫీజు, గడువు వేరే. మార్కుల విభజన కూడా కోర్సుని బట్టి మారుతుంది, మీ కోర్సు పేజీలో చూసుకోండి. ఈ జులైలో మా సెక్షన్ పిల్లలకి ముకుంద్ గారి కోర్సే చెప్పాను. శనివారాలు మధ్యాహ్నం రెండు నుంచి ల్యాబ్ తెరిచే ఉంచుతాను. ఎక్కడ ఆగిపోయారో ఆ ప్రోగ్రాంతోనే రండి.