ఓపెన్ బాఫిల్‌కి ట్వీటర్: మూడేళ్లు విన్నాక

ముందే చెప్పేస్తాను, నా ఓపెన్ బాఫిల్ స్పీకర్లకి (పెట్టె లేకుండా ఉత్త పలకకి బిగించినవి) ట్వీటర్, అంటే సన్నని పై స్వరాలు మాత్రమే పలికే చిన్న స్పీకర్, పెట్టడం పనికొచ్చింది. కాకపోతే నేను అనుకున్న పనికి కాదు. ట్రెబుల్, అంటే ఆ పై స్వరాలు, చాలడం లేదనుకుని పెట్టాను. తీరా చూస్తే నా స్పీకర్లలో ట్రెబుల్‌కి లోటేమీ లేదు, అది ఒక్క కుర్చీకే అందుతోంది, అంతే.

నేను చేసుకున్నది చాలా మామూలు సరుకు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, వెడల్పు అర మీటరు, అందులో 8 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్ (కింది స్వరాలూ పై స్వరాలూ ఒక్కటే పలికేది). పెట్టె లేదు, వెనకంతా ఖాళీ. కోన్ (డ్రైవర్‌లో కదిలే గరాటు) ముందు నుంచి వచ్చే శబ్దమూ వెనక నుంచి వచ్చేదీ ఎదురెదురు ఫేజ్‌లో ఉంటాయి (ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతుంది) కాబట్టి, కింది ఫ్రీక్వెన్సీల్లో అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ వెడల్పుకి సుమారు 350 హెర్ట్జ్ నుంచే బాస్ జారిపోవడం మొదలవుతుంది. దానికి విడిగా వూఫర్ (బాస్ స్పీకర్) పెట్టుకున్నాను, ఆ కథ ఇక్కడ వద్దు.

పేచీ అంతా పై స్వరాల్లో. 2000 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు 17 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఆ కోన్ అంత. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ శబ్దం గదంతా పరుచుకోకుండా టార్చిలైటు వెలుగులా సన్నబడిపోతుంది. ఆ వెలుగులో కూర్చున్నవాడికి వయొలిన్ విల్లు తీగ మీద గీసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. రెండడుగులు పక్కకి జరిగితే పాట మీద దుప్పటి కప్పినట్టే. మా చెల్లెలు ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని, "అన్నయ్యా, ఈ స్పీకర్లు నీ ఒక్కడికే పాడతాయా?" అంది. ఆ మాటే నన్ను ట్వీటర్ దాకా తీసుకెళ్లింది.

మొదట కొన్నవి 25 మిల్లీమీటర్ల సిల్క్ డోమ్‌లు (పట్టుగుడ్డ బుడిపె ఉన్న ట్వీటర్లు). సెన్సిటివిటీ (అదే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) 89 డెసిబెల్స్. నా ఫుల్ రేంజ్‌ది 94. ఈ రెండంకెలూ కాగితం మీద కళ్లెదురుగానే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. ట్వీటర్‌ని తగ్గించడానికి రెండు రెసిస్టర్లు చాలు. పెంచడానికి మాత్రం పాసివ్ క్రాసోవర్‌లో (ఏ డ్రైవర్‌కి ఏ స్వరాలు వెళ్లాలో పంచే భాగాల్లో) దారే లేదు. కింది స్వరాల్ని ఆపడానికి 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి కలిపితే, అసలు కలిపానో లేదో తెలియనంత మెల్లగా మోగాయి. అప్పుడు చేసిన తప్పు ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. శబ్దం పెరుగుతుందని కెపాసిటర్‌ని 10 మైక్రోఫారడ్‌కి మార్చాను. 8 ఓమ్‌ల ట్వీటర్‌కి 3.3 అంటే క్రాసోవర్ (కోత మొదలయ్యే చోటు) 6000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, 10 అంటే 2000కి దిగిపోతుంది. ఆ డోమ్ రెజొనెన్స్ (అది తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) 1000 దగ్గర. ఒక్క కెపాసిటర్ ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్సే కోస్తుంది. రెజొనెన్స్ దగ్గర ఇంపెడెన్స్ (కరెంటుకి ట్వీటర్ పెట్టే అడ్డు) పెరుగుతుంది కనక అక్కడ ఆ కాస్త కోత కూడా పడదు. అంటే డోమ్ తట్టుకోలేని కింది స్వరాలు లోపలికి దూరుతున్నాయన్నమాట. ఒక సాయంత్రం వాల్యూమ్ గట్టిగా పెట్టి వింటుంటే ఎడమ వైపు ట్వీటర్ మూగబోయింది. మీటర్ పెట్టి చూస్తే వాయిస్ కాయిల్ (డోమ్‌ని కదిపే తీగచుట్ట) తెగిపోయింది. పొగ లేదు, వాసన లేదు, చడీచప్పుడు లేకుండా పోయింది పాపం.

రెండోసారి 97 డెసిబెల్స్ ఉన్న చిన్న హార్న్ ట్వీటర్లు తెచ్చాను. కెపాసిటర్ మళ్లీ 3.3కే. లెక్క ప్రకారం 3 డెసిబెల్స్ తగ్గిస్తే ఫుల్ రేంజ్‌తో సమానం కావాలి. అలాగే చేశాను. మొదటి రాత్రి ఆహా అనిపించింది. వారం తిరక్కుండానే, గంటసేపు వింటే నుదురు బిగుసుకుపోయేది. ఎందుకంటే నా ఫుల్ రేంజ్ కూడా పైదాకా మోగుతూనే ఉంది. ఒకే స్వరాన్ని ఇద్దరు అరిచినట్టుంది. ఫుల్ రేంజ్‌కి సిరీస్‌లో 0.22 మిల్లీహెన్రీ కాయిల్ వేసి 6000 పైన కొంచెం నెమ్మదింపజేశాను. ట్వీటర్‌ని మొత్తం 6 డెసిబెల్స్ దించాను. అప్పుడు కుదిరింది.

ఆ దించడంలో ఒక మెలిక ఉంది. చాలామంది ట్వీటర్‌కి సిరీస్‌లో ఒక్క రెసిస్టర్ వేసి ఊరుకుంటారు. నేనూ మొదట 8 ఓమ్‌లది ఒకటి వేశాను. శబ్దం తగ్గింది కానీ గొంతులు గరగరలాడాయి. కెపాసిటర్‌కి ఇప్పుడు కనిపించేది 8 కాదు, 16 ఓమ్‌లు. దాంతో క్రాసోవర్ 6000 నుంచి 3000కి పడిపోయింది. కెపాసిటర్ ముట్టుకోకుండానే! ఎల్-ప్యాడ్ వేస్తే ఈ బాధ ఉండదు. కెపాసిటర్ తర్వాత 3.9 ఓమ్‌లు సిరీస్‌లో, ఆ తర్వాత 8.2 ఓమ్‌లు ట్వీటర్‌కి సమాంతరంగా. తగ్గేది అదే 6 డెసిబెల్స్, క్రాసోవర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నా మొత్తం ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చినవి ఈ రెండు రెసిస్టర్లే.

కెపాసిటర్ బ్రాండ్ల గొడవ నాకు అంటలేదు. మొదట బైపోలార్ ఎలక్ట్రోలిటిక్, తర్వాత పాలీప్రొపిలీన్. చూడకుండా వింటే తేడా చెప్పలేకపోయాను. ఏళ్ల తరబడి ఎండిపోదన్న ధీమాకి రెండోదే ఉంచేశాను.

మొదటి డోమ్‌లు డబ్బాలో పడున్నాయిగా, కాలినదానికి కొత్త డయాఫ్రమ్ వేయించి రెంటినీ పలక వెనక వైపు బిగించాను. ఓపెన్ బాఫిల్ వెనక్కీ మోగాలి, మామూలు ట్వీటర్ ముందుకే మోగుతుంది. అంటే పై స్వరాల్లో నా స్పీకర్ పెట్టె స్పీకరైపోయినట్టే. స్పీకర్ల రూపకర్త సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ కూడా తన ఓరియన్ స్పీకర్లకి తర్వాత వెనక ట్వీటర్ చేర్చాడు. నేను 2.2 మైక్రోఫారడ్‌తో, పోలారిటీ తిప్పి (ప్లస్, మైనస్ తీగలు అటూ ఇటూ మార్చి) కలిపాను. ముందు పనికిరాని ఆ 89 డెసిబెల్స్ వెనక చక్కగా అతికిపోయాయి. తంబూర మీటినప్పుడు తీగ చుట్టూ లేచే ఆ రొద ఇదివరకు స్పీకర్‌కి అంటుకుని ఉండేది, ఇప్పుడు గోడకి అవతల నుంచి వస్తున్నట్టుంటుంది. గోడకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నన్నాళ్లూ మాత్రం అంతా అలికేసినట్టుండేది. మీటరు దూరానికి జరిపాక, వెనక శబ్దం గోడకి తగిలి రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. చెవి దాన్ని గదిగా తీసుకుంటుంది, మసకగా కాదు.

పలక వెనక, ట్వీటర్లన్నిటికీ కలిపి ఒక స్విచ్ పెట్టాను. ఆన్ చేస్తే పెద్ద తేడా ఏమీ లేదనిపిస్తుంది. నెలరోజులు ఆన్‌లో విని ఒకరోజు చెప్పకుండా ఆఫ్ చేశాను. కిటికీ దగ్గర నుంచి చెల్లెలు తలెత్తి, "ఏం పీకేశావు?" అంది.

ఇంకా కుదరనిది ఒకటుంది. హార్న్ అంచు అడ్డొచ్చి, ట్వీటర్ మధ్యకీ ఫుల్ రేంజ్ మధ్యకీ 14 సెంటీమీటర్ల దూరం ఉండిపోయింది. 6000 హెర్ట్జ్ తరంగం 6 సెంటీమీటర్లు కూడా లేదు. అందుకే కుర్చీలో కూర్చుంటే సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) ఒకలా, నేల మీద కూర్చుంటే ఇంకొకలా వినిపిస్తుంది. ముందు వైపు ట్వీటర్ పోలారిటీ తిప్పి చూశాను. మంచి చోటు మారింది గానీ రెండు చోట్లా కుదరలేదు. హార్న్ అంచు కింది వైపు కోసేస్తే మూడు సెంటీమీటర్లు దగ్గరికి తేవచ్చు. గీత గీసి పెట్టుకుని ఆర్నెల్లయింది. రంపం పట్టుకోవడానికే ఇంకా చెయ్యి రావడం లేదు.