మా పిల్లవాడి మొదటి దూరపు టార్చ్: కొన్నేళ్లు వాడాక

మొదటిసారి మంచి టార్చ్ కొనుక్కోవాలనుకునే కుర్రవాళ్లు ముందు అడిగేది "ఎంత దూరం కొడుతుంది?" అని. ఆ ప్రశ్నతో పాటు ఇంకొకటి కూడా అడగమంటాను: దూరం కొడుతున్నప్పుడు కాళ్ల ముందు కూడా దారి కనపడుతుందా? రాత్రిపూట చేలల్లో తిరిగేవాళ్లకు నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద ప్రశ్న.

మా తమ్ముడి కొడుకు పదో తరగతిలో ఉండగా వాడికి సీ8 తరహా టార్చ్ కొనిచ్చాను. ఇప్పుడు వాడు డిగ్రీ చదువుతున్నాడు, టార్చ్ ఇంకా అదే. ఊళ్లో ఉన్నన్ని రోజులు నేనూ దాన్నే వాడతాను. మాది అచ్చంపేట వైపు, నల్లమల అంచు. మొక్కజొన్న కంకి పట్టినా, పల్లికాయ ఊరినా అడవి పందులు చేను మీద పడతాయి. మంచె మీద కాపలా, రాత్రివేళ బోరు మోటరు చూసి రావడం ఇంట్లో ఎవరో ఒకరికి తప్పదు.

సీ8 అంటే కంపెనీ పేరు కాదు, ఒక ఆకారానికి స్థిరపడిన పేరు. చేతిలో ఇమిడే అల్యూమినియం గొట్టం, ముందు సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు తల, అందులో నున్నగా మెరిసే లోతైన రిఫ్లెక్టర్, మధ్యలో ఒకే ఒక చిన్న ఎల్ఈడీ, వెనక 18650 అనే సైజు రీచార్జి లిథియం సెల్ ఒకటి. చాలా కంపెనీలు చేస్తాయి. తక్కువ ధరలో నాణ్యంగా చేసేవాళ్లుగా కాన్వాయ్, సోఫిర్న్ అనే చైనా కంపెనీలకు టార్చ్‌లంటే ఇష్టమున్నవాళ్లలో మంచి పేరుంది. మాకు టార్చ్, రెండు సెల్స్, చార్జర్ అన్నీ కలిపి 3,000 రూపాయల లోపే అయింది.

కొనేముందు వాడికి ఒక లెక్క నేర్పాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే ల్యూమెన్లు టార్చ్ నుంచి వచ్చే మొత్తం వెలుగు. దూరం తేలేది కాండెలాతో, అంటే నడిమి కిరణం ఎంత గట్టిగా ఉందన్నదానితో. ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత) పడిపోయే చోటును ఆ టార్చ్ దూరంగా రాస్తారు. అది దాదాపు నిండు పున్నమి వెన్నెలంత వెలుగు. కాండెలాకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. 10,000 కాండెలాకు 200 మీటర్లు, 40,000కు 400 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగింతలు కావాలి. సంతలో 300 రూపాయలకు దొరికే టార్చ్ మీద "2 కిలోమీటర్లు" అని ఉంటే, దానికి 10 లక్షల కాండెలా ఉండాలన్నమాట. ఆ ధరలో అది జరిగే పని కాదు. ఈ లెక్క తెలిశాక మావాడు డబ్బా మీది రాతలను నమ్మడం మానేశాడు.

నిజాయితీగా రాసిన అంకెను కూడా సగం చేసి చూసుకోవాలి. 400 మీటర్ల దగ్గర మిగిలేది వెన్నెలంత వెలుగే కాబట్టి అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది తప్ప పందో కుక్కో తేల్చుకోలేం. 200 మీటర్లకు వస్తే వెలుగు నాలుగింతలు. మా చేను ఈ చివర నిలబడి ఆ చివర కదిలేది ఏమిటో గుర్తుపట్టడానికి ఈ టార్చ్ సరిపోతోంది. ఎల్ఈడీ రంగు మరీ నీలి తెలుపు కాకుండా 5000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే అంకె) దగ్గర ఉన్నది తీసుకున్నాం. చలికాలం మంచులో కళ్లు చెదరకుండా ఉంది, ఎండిన ఆకులకూ జంతువు ఒంటికీ తేడా తెలుస్తోంది.

కాళ్ల ముందు వెలుగు సంగతికి వస్తాను. వాడి స్నేహితుడి దగ్గర ముందుకు లాగితే కిరణం సన్నబడే జూమ్ టార్చ్ ఉండేది. ఒక రాత్రి దాన్ని తీసుకుని మోటరు దగ్గరికి పోయొచ్చి, "పెద్దనాయినా, అవతలి ఒడ్డు కనపడుతుంది గని కాళ్లకింద మొత్తం చీకటే" అన్నాడు. వాడన్నది అక్షరాలా నిజం. జూమ్ టార్చ్‌లో లెన్స్ ఉంటుంది. దూరానికి లాగినప్పుడు వెలుగంతా ఒక చిన్న చతురస్రంగా పోయి పడుతుంది, చుట్టూ ఏమీ ఉండదు. రిఫ్లెక్టర్ టార్చ్ అలా కాదు. నడుమ గట్టి కిరణం దూరం పోతుంటే, రిఫ్లెక్టర్‌ను తాకకుండా నేరుగా బయటికి వచ్చే వెలుగు చుట్టూ వెడల్పుగా పరుచుకుంటుంది. టార్చ్‌ను ఎదురుగా పట్టుకుని నడిచినా గట్టు మీద అడుగు ఎక్కడ వేస్తున్నామో కనపడుతుంది. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. రక్తపింజర మనిషి వస్తున్నాడని పక్కకు జరగదు, ఉన్నచోటే ఉండిపోతుంది. ఇవన్నీ ఉన్న చోట నడిచే పిల్లవాడి చేతిలో చుట్టూ చీకటి మిగిల్చే టార్చ్ పెట్టడానికి నాకు మనసొప్పదు. అది ఎంత దూరం కొట్టినా సరే.

వెలుగు ఎక్కువసేపు పూర్తిగా పెట్టుకోనక్కర్లేదు. మాదాంట్లో పెద్ద మోడ్‌లో సుమారు 2.8 ఆంపియర్లు లాగుతుంది. 3,400 ఎంఏహెచ్ సెల్ గంట పైచిలుకు వస్తుంది, తల కూడా బాగా వేడెక్కుతుంది. మూడో వంతుకు తగ్గిస్తే సెల్ మూడింతల సేపు ఉంటుంది, దూరం మాత్రం సగానికి కూడా పడిపోదు. ఇది కూడా ఆ వర్గమూలం చలవే. మామూలు నడకకు తగ్గించిన మోడ్, చేను చివర చప్పుడైనప్పుడే పెద్ద మోడ్. ఈ అలవాటు వచ్చాక సెల్ మధ్యలో అయిపోతుందన్న టెన్షన్ పోయింది.

సెల్ విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ సైజులో మంచి సెల్స్ చాలావాటి సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. దాని మీద 9,900 అని రాసి ఉంటే అది దొంగ సెల్. అసలుది 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, దొంగవి చాలావరకు బాగా తేలికగా ఉంటాయి. మేము మా ఊరి బంగారం కొట్టు కాటాలో పెట్టి చూశాం. కొత్తవాళ్లకు రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ కొనండి. మరీ అడుగంటిపోకముందే అది దానంతట అదే ఆగిపోతుంది. అలాంటి సెల్ కాస్త పొడవుగా ఉంటుంది కాబట్టి టార్చ్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. మావాడికి పెట్టిన నియమాలు గట్టివే: విడి సెల్ జేబులో తాళంచెవులతో వేసుకోకూడదు, పైతొడుగు చిరిగితే వాడకూడదు, పరుపు మీద చార్జింగ్ పెట్టకూడదు, మనుషులు మేలుకుని ఉన్నప్పుడే పెట్టాలి.

ఇబ్బందులు లేకపోలేదు. మాదానికి చార్జింగ్ పోర్టు లేదు. ప్రతిసారీ సెల్ తీసి విడి చార్జర్‌లో పెట్టాలి. ఫోన్ చార్జర్‌తో పని జరగాలనుకునేవాళ్లు టైప్-సీ పోర్టు ఉన్నదే తీసుకోవాలి. స్విచ్ సగం నొక్కితే మోడ్ మారుతుంది, ఆ వరుసలో దడదడా కొట్టుకునే స్ట్రోబ్ కూడా వస్తుంది. చీకట్లో అది చాలా చికాకు. మోడ్ల సెట్టు మార్చే వీలుంది కనుక దాన్ని తీసేశాం. రెండో ఏడు వెనక స్విచ్ మీది రబ్బరు పగిలింది. అది చిన్న సామానే, మేమే మార్చుకున్నాం. మరల్లో ఇసుక చేరితే గరగరమంటుంది. పొడిగుడ్డతో తుడిచి కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే లోపలి రబ్బరు రింగు పాడవదు, వాన నీళ్లూ దిగవు.

బ్యాగులో పెట్టేటప్పుడు వెనక మూతను పావు చుట్టు వదులు చేయడం తప్పకుండా నేర్పాలి. మరలకు పూత ఉన్న టార్చ్‌లలో అలా చేస్తే కరెంటు తెగిపోతుంది. పుస్తకాల మధ్య పొరపాటున వెలిగి వేడెక్కే ప్రమాదం ఉండదు. ఎవరి కళ్లలోనూ వేయకూడదని, ఎదురొచ్చే బండి మీదికి తిప్పకూడదని వేరే చెప్పాలా? మా వైపు ఇంకొకటి కూడా ఉంది. అమ్రాబాద్ పులుల అడవి పక్కనే కాబట్టి రాత్రిపూట అడవిలోకి లైటు కొడుతూ తిరిగితే వేటగాళ్లనుకుంటారు. వెలుగు మన చేను హద్దు దాటనవసరం లేదు.

లేజర్‌తో తెల్లని వెలుగు పుట్టించి కిలోమీటరు పైగా కొట్టే టార్చ్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. వీడియోలు చూసి మావాడూ అడిగాడు, వద్దన్నాను. వాటి కిరణం సన్నటి గీతలా ఉంటుంది, పక్కన వెలుగు దాదాపు ఉండదు, కంటికి ప్రమాదం ఎక్కువ. పదేళ్ల లోపు పిల్లలకైతే ఈ సీ8 కూడా కొనివ్వను. లిథియం సెల్ జాగ్రత్తలు ఆ వయసుకు ఎక్కువ. రీచార్జి చేసుకునే ఏఏ సెల్స్‌తో నడిచే చిన్న టార్చ్ కొనివ్వండి. 50 మీటర్లు కొట్టినా వాకిట్లోకీ వీధిలోకీ వాళ్లకు చాలు.