అలెక్సా ఫ్లోర్ 488 ఫాలోయిడిన్: తిరుపతిలో వాడి చూసినాక

ఫిక్స్ చేసిన (కెమికల్‌తో ఉన్నది ఉన్నట్టు నిలిపేసిన) సెల్స్‌లో ఆక్టిన్ ఫిలమెంట్లు, అంటే సెల్‌కి ఆకారమిచ్చే ప్రోటీన్ దారాలు, చూడాలంటే యాంటీబాడీకి డబ్బులు పెట్టొద్దండీ, నేరుగా ఫాలోయిడిన్ తీసుకోండి, దానికి అతికించిన వెలిగే డై పేరే అలెక్సా ఫ్లోర్ 488. యాంటీబాడీతో ప్రైమరీ, సెకండరీ, మధ్యలో కడగడాలు, చానా టైమ్ పోతాది, పైగా విడిగా తిరిగే ఆక్టిన్‌కి కూడా అంటుకుని సెల్ అంతా మసకగా కనిపించొచ్చు. ఫాలోయిడిన్ ఫిలమెంట్‌గా అల్లుకున్న ఆక్టిన్‌నే పట్టుకుంటాది, అందుకే వెనకంతా నల్లగా ఉండి స్ట్రెస్ ఫైబర్లు (ఆక్టిన్ దారాల కట్టలు) మగ్గం మీద పడుగు పరిచినట్టు ఒక్కొక్కటే తేలతాయి. ఎన్నిసార్లు చూసినా నాకైతే తనివి తీరదు.

ఇది డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగులో ఉండే చిన్న పెప్టైడ్, ఏడే అమైనో ఆమ్లాలు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. జంతువు ఏదనేది దీనికి పట్టదు, నేను మనిషి సెల్స్‌కి వాడేదే వెటర్నరీలో ఉన్న ఫ్రెండ్ మేక సెల్స్‌కి వాడింది, ఇద్దరికీ బాగా వచ్చింది.

అసలు విషయం ఫిక్సింగ్‌లో ఉంది. మెథనాల్‌తో ఫిక్స్ చేస్తే ఫిలమెంట్ ఆకారం చెడిపోయి ఫాలోయిడిన్ అంటుకోదు, ఎంత మంచి డై కొన్నా దండగే. మెథనాల్ కలవని 4% ఫార్మాల్డిహైడ్ పది పదిహేను నిమిషాలు, తర్వాత సెల్ పొరకి రంధ్రాలు చేసే డిటర్జెంట్ ట్రైటాన్ 0.1% ఐదు నిమిషాలు, ఆపైన డై వేసి చీకట్లో అరగంట, అంతే. ప్రోటోకాల్‌లో రూమ్ టెంపరేచర్ అంటే 20-25 డిగ్రీలు, మన తిరుపతిలో మే నెలలో ఏసీ లేని గది 40 దగ్గరికి పోతాది కాబట్టి ఏసీ రూమ్‌లోనే చేయండి.

ఈ డై 495 నానోమీటర్ల దగ్గర లైట్ తీసుకుని 518 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతాది, కాన్ఫోకల్ అనే లేజర్ మైక్రోస్కోపే కావాలని లేదు, ఎఫ్ఐటీసీ (ఆకుపచ్చ డైలకి వాడే) ఫిల్టర్ ఉన్న మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ చాలు, న్యూక్లియస్‌కి డాపి అనే నీలి డై కలుపుకోవచ్చు. సెల్స్‌లో ముందే జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ ఉంటే మాత్రం రెండూ కలిసిపోతాయి, అలెక్సా ఫ్లోర్ 568 గానీ 647 గానీ ఉన్న ఫాలోయిడిన్ కొనండి.

బతికున్న సెల్స్‌కి ఇది పనికిరాదు, పొర దాటి లోపలికి పోదు, పోయినా ఫిలమెంట్లు విడిపోకుండా బిగించేస్తాది. దానికి 2008లో వచ్చిన లైఫ్‌యాక్ట్ అనే చిన్న పెప్టైడ్ గానీ, పొర దాటి పోయే సర్-ఆక్టిన్ అనే డై గానీ చూసుకోండి.

రేటు మాత్రం స్కాలర్లకి భారమే, రెండు ల్యాబులు కలిసి ఒక వయల్ తీసుకుని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి వెలుతురు తగలకుండా -20లో పెట్టుకుంటే చానా కాలం వస్తాది. స్టెయిన్ చేసిన స్లైడ్లని మాత్రం దాచుకోకుండా వెంటనే ఫోటోలు తీసేయండి, రోజులు గడిస్తే వెలుగు తగ్గిపోతాది. ఇంకొకటి, ఇక్కడ ఒక డీలర్ ఎండాకాలంలో పంపిన బాక్స్‌లో ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగిపోయి వచ్చింది, అందుకే సోమవారం డిస్పాచ్ చేయమని ముందే అడగండి, శనివారం బయల్దేరితే ఆదివారమంతా గోడౌన్‌లోనే ఉండిపోతాది.