సులవేసి కార్డినలా, చెర్రీనా: చిన్న ట్యాంకుకి ఏ రొయ్య మేలు?

ఏప్రిల్ వస్తే చాలు, హైదరాబాద్ వాళ్ల నుంచి ఇదే ప్రశ్న: ఎండలకు చెర్రీలు పోతున్నాయి, వేడి సరస్సు రొయ్య కదా, కార్డినల్ పెట్టుకోవచ్చా?

సగం సబబే. కార్డినల్ సొంతూరు, ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఉన్న మతానో సరస్సు నీళ్లు ఏడాది పొడవునా 27–29 డిగ్రీల దగ్గరే ఉంటాయి. చెర్రీకి 20–26 హాయి. 30 దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, గుడ్లు రాల్చేస్తుంది. వేడి ఒక్కటే చూస్తే కార్డినల్‌దే పైచేయి.

తేల్చేది మాత్రం నిలకడ. మతానో 590 మీటర్ల దాకా లోతున్న పురాతన సరస్సు. అంత నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), లవణాలు వారం వారం మారవు. అక్కడ తప్ప సహజంగా మరెక్కడా లేని ఈ రొయ్యకు (కారిడినా డెన్నెర్లీ, 2009లో పెట్టిన పేరు) మార్పు అలవాటే లేదు. రాళ్ల సందుల్లో ఉంటూ, తెల్లటి ముందు కాళ్లతో రాతి మీది పాచి పొరను గబగబా గీరి నోట్లో పెట్టుకుంటుంది. ఆ కాళ్లు గంటల తరబడి ఆడకపోతే నీళ్లలో ఏదో తేడా వచ్చిందనే లెక్క.

కొత్త ట్యాంకులో ఆ పాచి ఉండదు. మేత వేసినా సరిగా ముట్టదు. టెస్టు కిట్‌లో అంతా బాగానే కనిపిస్తుంటుంది, రొయ్యలు ఒక్కొక్కటే పోతుంటాయి. స్పాంజ్ ఫిల్టర్, లైటు పెట్టి, రాళ్లు పచ్చబడేదాకా కనీసం మూడు నెలలు రొయ్యలు వేయకుండా నడపాలి.

ఇక నీళ్లు. బోరు నీళ్ల పీహెచ్ 8 ఉంది కదా అని పోసేస్తారు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 600 ఉంటే ఆ పీహెచ్ ఎందుకూ కొరగాదు. ఆర్‌ఓ నీళ్లలో సులవేసి సాల్ట్ (ఈ రొయ్యల కోసమే అమ్మే ఖనిజ లవణాల పొడి) కలిపి టీడీఎస్ 100–150, పీహెచ్ 8 దగ్గరికి తేవాలి. వంటింటి ప్యూరిఫయర్ వాడేట్టయితే అందులో కాపర్ కార్ట్రిడ్జ్ ఉందేమో ముందు చూడండి: మనకు మంచిదని అమ్మే ఆ రాగి రొయ్యకు విషం. శుద్ధి కాని నీళ్లను కొంత తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటే పూర్తిగా మూసేయాలి.

చెర్రీకి ఇంత తతంగం అక్కర్లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీసేస్తే, టీడీఎస్ 150–300 మధ్య హాయిగా బతుకుతుంది. ఈతకు పాతిక గుడ్లు, మూడు నెలలకల్లా ఆ పిల్లలూ గుడ్లు పెడతాయి. నాలుగు చచ్చినా మంద కోలుకుంటుంది. కార్డినల్ పెట్టేది పది, పదిహేను గుడ్లే కాబట్టి ఒక్క తప్పుకే మంద ఖాళీ. వేసవిలో చెర్రీకి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఆవిరైన నీళ్లకు బదులు ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి, లేకపోతే టీడీఎస్ ఎక్కుతూ పోతుంది.

అమానో అనే మరో రొయ్య గురించీ అడుగుతారు. పాచి తినడానికి భేష్, కానీ పిల్లలు ఎదగాలంటే ఉప్పు నీళ్లు కావాలి.

మూడు నెలలు ఓపిక పట్టేవాళ్లకు నా ఓటు కార్డినల్‌కే. అయితే ట్యాంకులో పుట్టినవే కొనండి. అసలే అక్కడ ఈ రొయ్యకు ముప్పు ఉంది: మతానోలో బయటి నుంచి తెచ్చి వదిలిన ఫ్లవర్‌హార్న్ చేపలు పెరిగిపోయాయి, ఒడ్డునే నికెల్ తవ్వకాలున్నాయి; అక్కడి నుంచి పట్టి తెచ్చినవి దారిలోనే సగం చస్తాయి కూడా. ఇంటికి తెచ్చాక రొయ్యల్ని సంచి నీళ్లతో సహా ఒక గిన్నెలో పోసి, ట్యాంకు నుంచి అందులోకి పెట్టిన సన్న గాలి గొట్టానికి ముడి వేసి, రెండు సెకన్లకు ఒక చుక్క చొప్పున మూడు గంటలు ట్యాంకు నీళ్లు కలిపి, ఆ తర్వాతే వదలండి. సంచితో వచ్చిన నీళ్లు ట్యాంకులో పోయకండి.