అద్దె పుస్తకాల కొట్టు, మేడమీద బృందగానం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాసే గుమాస్తాను నేను. నిరుటి దాకా పాటతో నా సంబంధం వినడం వరకే. హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక సందులో ఉన్న అద్దె పుస్తకాల కొట్టుకు మాత్రం పదకొండేళ్లుగా వెళ్తున్నాను. బోర్డు మీద ‘పుస్తకాలు అద్దెకు’ అని తప్ప మరో పేరు లేదు. మేడమీద ఆదివారం సాయంత్రాలు బృందగానం నేర్పుతారని తెలిసినా పట్టించుకోలేదు. పోయిన జూలైలో ఒకసారి పెద్ద వాన పట్టుకుంటే, వెలిసేదాకా పైన కూర్చోమన్నారు. అలా కూర్చున్న పాపానికి ఇప్పుడు నెలకు నాలుగు వందలు కడుతున్నాను.

ముందు కొట్టు సంగతి. అయిదు వందలు డిపాజిట్, నెలకు నూట యాభై, ఒకసారికి రెండు పుస్తకాలు. డిపాజిట్ తగ్గించమని అడగకండి. నిజాం కాలంలో, 1904లోనే ఇదే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసిందని మొదలుపెట్టి, అలాంటి ఊళ్లో పుట్టి అయిదు వందలకు వెనకాడతారా అని కొట్టు నడిపే పెద్దాయన మనకే సిగ్గు తెప్పిస్తారు. ప్రతి పుస్తకానికీ ఆయనే ఖాకీ అట్ట వేసి, వీపు మీద సిరాతో పేరు రాస్తారు. పాత నవలలు, ఆత్మకథలు పుష్కలంగా ఉన్నాయి. కొత్త కథల సంపుటాలు తక్కువ. అడిగితే తెప్పిస్తానంటారు, ఆ తెప్పించడం దసరా నుంచి సంక్రాంతికి, సంక్రాంతి నుంచి ఉగాదికి జరుగుతూ పోతుంది. డిటెక్టివ్ నవల తీసుకుంటే చివరి పేజీ ఉందో లేదో అక్కడే చూసుకోండి. నేను రెండుసార్లు మోసపోయాను, ఆ హంతకులు ఇప్పటికీ దొరకలేదు.

ఇంతకుముందు చదివినవాళ్ల పెన్సిలు రాతలు కొందరికి చిరాకు. నాకు ఇష్టం. ఒక ఆత్మకథలో పేజీ అంచున ఎవరో ‘ఇక్కడ అబద్ధం’ అని రాశారు. దాని కింద మరొకరి గుండ్రటి చేతిరాత: ‘మీకెలా తెలుసు?’ ఆ ఇద్దరి తగాదా ఎక్కడ తేలుతుందో చూడాలనే నాలుగు వందల పేజీలూ చదివాను. తేలలేదు.

ఇక మేడమీద. పాఠం చెప్పేది పెద్దాయన చెల్లెలు, ప్రభుత్వ పాఠశాలలో సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. చేరిన రోజు సరళీ స్వరాలు పాడించి నా పరువు తీస్తారని భయపడ్డాను. ఆమె నోరు మూసుకుని ‘మ్’ అనమన్నారు, అంతే. “గుమాస్తా గారూ, మీరు పక్కవాళ్ల గొంతు వినేంత మెల్లగా పాడండి, చాలు” అన్నారు. వేలంపాటల మధ్య ఇరవై ఏళ్లు బతికినవాడికి మెల్లగా అనడం ఎంత కష్టమో ఆమెకు తెలియదు.

మేము ఇరవై ముగ్గురం, అందులో మగవాళ్లం అయిదుగురం. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి, అంటే కింది స్థాయి, హాయిగా ఉంటుంది. ఆడవాళ్లు అంతకంటే పైన, అయిదు, అయిదున్నరలో పాడతారు. అందరినీ ఒకే వరుసలో పాడిస్తే ఎవరో ఒకరి పీక నొక్కినట్టవుతుంది. అందుకని ఆమె పాటను జడలాగా మూడు పాయలు చేస్తారు. బతుకమ్మ పాటలో ఒకరు చరణం అందుకుంటే మిగిలినవాళ్లు ‘ఉయ్యాలో’ అంటారు కదా, మాకు మొదటి పాఠం అదే. కాకపోతే మగవాళ్లం ఆ ‘ఉయ్యాలో’ను మంద్రంలో పట్టుకుని, చరణం నడిచినంతసేపూ కింద పరిచి ఉంచాలి. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మలయాళ సినిమాలకు సంగీతం చేస్తూనే మద్రాసు యూత్ క్వయర్ అనే గాన బృందాన్ని నడిపారనీ, 1988లో పోయేదాకా బృందగానం కోసం తిరిగారనీ టీచరుగారు తరచూ చెబుతారు. పదోసారి కూడా మొదటిసారి చెబుతున్నట్టే చెబుతారు.

దీర్ఘం లాగాల్సిన చోట అందరం ఒకేసారి ఊపిరి తీసుకుంటే చెరువు కట్టకు గండి పడినట్టు పాట తెగుతుంది. అందుకే మా కాగితాల మీద ఒక్కొక్కరికి ఒక్కో చోట ఎర్ర సిరాతో టిక్కు పెట్టి ఇచ్చారు. ఎవరి టిక్కు దగ్గర వాళ్లే ఊపిరి తీసుకోవాలి. తాళంలో నాది ఏడో లెక్క దగ్గర, నా పక్కన నిలబడే కాజీపేట రైల్వే రిటైర్డ్ గార్డుది అయిదో లెక్క దగ్గర. ఆయన ఆగినప్పుడు నేనుంటాను, నేను ఆగినప్పుడు ఆయన ఉంటారు. వినేవాళ్లకు తీగ తెగదు.

ఫిబ్రవరి వచ్చిందంటే మార్కెట్లో మిర్చి మొదలు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా రకానికి రంగెక్కువ, కారం తక్కువ, దాంతో ఇబ్బంది లేదు. తేజ బస్తా విప్పితే మాత్రం తూకం వేసే దడవాయి నుంచి సేటు దాకా అందరికీ దగ్గే. పైగా పద్దులు తేలేసరికి రాత్రి పది. మార్చిలో నాలుగు ఆదివారాలు తరగతికి వెళ్లలేదు. ఏప్రిల్‌లో వెళ్లిన రోజు మెట్ల మీదే ఆగి విన్నాను. నా ఏడో లెక్క దగ్గర గండి పడలేదు. మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఒక పూట నేను రాకపోతే దుకాణంలో చిట్టా ఆగుతుంది, ఇంట్లో గ్యాసు బండ కూడా ఆగుతుంది. నేను లేకపోయినా ఆగనిది ఒకటుందని ఆ మెట్ల మీద నిలబడి వింటుంటే, కాసేపటికి భుజాల మీది బస్తా దించినట్టు అనిపించింది. లోపలికి వెళ్లగానే గార్డుగారు, “మీ టిక్కు దగ్గర కూడా నేనే లాగుతున్నాను. ఇక మీది మీరు తీసుకోండి, ఈ వయసులో నా వల్ల కాదు” అన్నారు.

లోపాలు లేకపోలేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఆలోచించుకోండి. ఆరున్నర అంటారు కానీ కాజీపేట నుంచి వచ్చేవాళ్ల కోసం ఆగి ఆరూ యాభైకి మొదలుపెడతారు. పాటల జిరాక్సుల్లో కింది వరుస ఎప్పుడూ సగమే పడుతుంది. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేస్తారు కాబట్టి మే నెలలో కిటికీ పక్కన చోటు చూసుకోండి, మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. మూడు నెలల ఫీజు ముందే అడుగుతారు, అది నాకు నచ్చలేదు. నేను నెలనెలా కడుతున్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

మార్చిలో పుస్తకాలు కూడా ఆలస్యమయ్యాయి. రోజుకు రూపాయి చొప్పున పడాలి. పెద్దాయన రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా, రుసుము గడిలో అంకె బదులు ‘మిర్చి’ అని రాసి వదిలేశారు. ఆ ధైర్యంతో జూన్‌లో మళ్లీ ఆలస్యం చేసి, “ఈసారి పత్తి అని రాసుకోండి” అన్నాను. పత్తి అక్టోబరులో కదా వచ్చేది అని పదకొండు రూపాయలూ చిల్లరతో సహా వసూలు చేశారు.