పాత పెంకుటిల్లు బాగుచేయించి ఆరేళ్లయింది: ఏది నిలిచింది, ఏది ఊడింది

బాగుచేయించిన కొత్తలో ఏ పాత ఇల్లయినా ఫొటోల్లో బాగానే ఉంటుంది. మూడు వానాకాలాలు గడిచాక చూడాలి దాని సంగతి. మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారి నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. మధ్యలో చిన్న మండువా, అడుగున్నర మందం ఇటుక గోడలు, టేకు దూలాలు. 2019లో ఇంటినీ, అటక మీదా పశువులపాకలోనూ పడి ఉన్న చెక్క సామాన్నీ బాగుచేయించుకుని ఇందులోకే వచ్చేశాం. సెలవులకి వచ్చిపోవడం కాదు, ఏడాది పొడవునా ఇక్కడే కాపురం. కాబట్టి ఫొటోల్లో కనిపించనివి కూడా చెప్పగలను.

ముందు గోడలు. డబ్బు పోయేదీ, మనశ్శాంతి పోయేదీ అక్కడే. మా ఇంట్లో వీధి గదికి సిమెంటు పూత, మిగతా అంతా డంగు సున్నం. కావాలని చేసిన ప్రయోగమేం కాదు. వీధి గది మా మరిది వాటా. "ఈ రోజుల్లో సున్నం ఎవరు కొడుతున్నారు వదినా, సిమెంటైతే నూరేళ్లుంటుంది" అని పట్టుబట్టాడు. పైన పుట్టీ, దాని మీద ఖరీదైన ఎమల్షన్. మొదటి ఏడాది ఆ గదే ఇంటికి అందం.

మా నేలలో కాస్త తవ్వితే నీళ్లు పడతాయి. పాత ఇళ్లకి పునాది మీద చెమ్మని ఆపే డీపీసీ పొర ఉండదు. ఆ చెమ్మ ఇటుకలగుండా పైకి పాకుతుంది. సున్నం పూత దాన్ని ఎక్కడికక్కడ గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దారి దొరక్క చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, తనతో తెచ్చిన ఉప్పుని రంగు వెనకాల పోగేస్తుంది. రెండో వానాకాలానికి వీధి గదిలో మోకాలెత్తున రంగు పొంగింది. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరద గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత ఎత్తు అదే. లంకలు మునిగాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ పెరడంతా రోజుల తరబడి నానింది. ఆ తర్వాత వీధి గదిలో పొంగులు నడుమెత్తుకు చేరాయి, పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలింది. సున్నం గోడలు కూడా తడిశాయి, నల్లటి మరకలు పడ్డాయి. సంక్రాంతికి ఆరిపోయాయి. ఓ పూత వెల్ల వేయించాం, అంతే.

అలాగని సున్నంతో సుఖమే అనుకోవద్దు. ఇసుకా సున్నమూ గానుగలో రుబ్బించాలి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలపాలి. పని తెలిసిన మేస్త్రి దొరకడానికే నెలలు పట్టింది. సిమెంటుతో పోలిస్తే ఖర్చు దాదాపు రెట్టింపయింది, అదీ ఎక్కువగా కూలికే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడే సరుకు కాబట్టి తొందరపెడితే పగుళ్లిస్తుంది. గోడకి ఆనుకుంటే వీపంతా తెలుపు. బరువైన ఫొటో తగిలించాలంటే ఇటుక దాకా మేకు దించాల్సిందే. పిల్లల గోళ్లకీ ఆటబొమ్మలకీ గీతలు పడతాయి. ఇదంతా భరించగలిగితేనే సున్నం జోలికి వెళ్లండి. దాని మీద ఎమల్షన్ మాత్రం వేయించకండి, గాలి దారి మూసేశాక అది సున్నమైనా ఒకటే, సిమెంటైనా ఒకటే.

ఇక చెక్క సామాను. నా దృష్టిలో ఈ ఇంటికి అసలైన అలంకారం అదే. పందిరి మంచం, భోషాణం, అద్దాల బీరువా, రెండు పడక కుర్చీలు. అన్నిటికీ ఎప్పుడో ముదురు ఆకుపచ్చ ఎనామిల్ రంగు కొట్టించేశారు. గోకితే లోపల టేకు. ఈ గోకుడు దగ్గర ఒక హెచ్చరిక: ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు రంగుల్లో సీసం ఎంతుందో చూసి చెప్పలేం. పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. రంగు ఊడదీసే మందు పూసి తడిగా గోకించడం, మాస్కు, చిన్నపిల్లల్ని ఆ చాయలకి రానివ్వకపోవడం తప్పవు. మా వడ్రంగి మామూలుగా పగిలిన గాజు ముక్కతోనే గోకుతాడు. పనితనానికి వంక పెట్టలేం గానీ మాస్కు పెట్టించడానికి రోజూ ఆయనతో పోట్లాటే.

పాలిష్‌లో రెండు రకాలు వాడాం. భోషాణానికీ మంచానికీ బీరువాకీ లక్క పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కని గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దడం. భోజనాల బల్లకి పీయూ, అంటే ప్లాస్టిక్ పొరలా గట్టిపడే పాలీయురిథేన్ పాలిష్. లక్కకి వేడి పడదు, నీళ్లు పడవు. కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చక్రం పడుతుంది. ముసురు రోజుల్లో పాలిష్ చేస్తే పైన పొగమంచులా తెల్లబారుతుంది, ఎండ రోజులు చూసుకోవాలి. కానీ దాని మరమ్మతు నేనే చేసుకోగలను: కాస్త స్పిరిట్ అద్దిన గుడ్డతో తేలిగ్గా రాస్తే చాలావరకు మరక కరిగి కలిసిపోతుంది. భోషాణం మీద ఎన్ని మరకలు పడి పోయాయో లెక్కలేదు. పీయూ అలా కాదు. సాంబారు పడినా వేడి గిన్నె తగిలినా చెక్కు చెదరలేదు, అందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ కత్తి గాటు పడిన చోట మాత్రం బల్ల పైభాగమంతా గోకి మళ్లీ వేయాలన్నారు. అలాగే వదిలేశాం. తినే బల్లకి పీయూ, మిగతా వాటికి లక్క, ఇదీ నా తీర్పు. వీధి తలుపుకి బయటివైపు కూడా పీయూనే కొట్టారు. ఎండకీ జల్లుకీ రెండేళ్లలో పొరలు పొరలుగా లేచింది. ఇప్పుడు ఏటా వేసవిలో అవిసె నూనె పట్టిస్తున్నాం, మెరుపు లేదు, గొడవా లేదు.

పాత సామాన్ని కొత్త అవసరానికి మార్చడం గురించి ఇంటర్నెట్‌లో చూపించేవన్నీ నమ్మకండి. భోషాణాన్ని టీపాయ్ చెయ్యమంటారు. అంత ఎత్తు పెట్టె ముందు కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? మేం కిటికీ కింద వేసి, పైన సన్నటి పరుపు పరిచి కూర్చోవడానికి వాడుతున్నాం. లోపల దుప్పట్లు. మూత బరువుకి పిల్లల వేళ్లు నలక్కుండా పక్కన ఇనప ఆనుడు పెట్టించాం. పాత చెక్కుడు తలుపుని బల్ల చేసి పైన గాజు పలక వేయడం ఇంకో ఫ్యాషన్. మా ఆడపడుచు చేయించుకుంది. గాజు కింద నగిషీల్లోకి పంచదార, అన్నం మెతుకులు, వాటి వెనక చీమల బారు! ఆ గాజు ఎత్తి తుడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పందిరి మంచం కోళ్లు పైన కోసేస్తే మోడరన్‌గా ఉంటుందన్నారు. కోయనివ్వలేదు, దోమతెర కట్టుకోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఒక్కటే చిక్కు, కొలత ఇప్పటి పరుపులకి సరిపోదు. బూరుగు దూదితో కుట్టించుకున్నాం.

పైకప్పు మీద మావి మంగుళూరు పెంకులు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో కార్ఖానా పెట్టి మొదలెట్టిన రకం. వేసవిలో చల్లదనం బాగుంది, నాలుగు గాజు పెంకులు వేయిస్తే వంటింట్లో పగలు లైటు అక్కర్లేకుండా పోయింది. కానీ కోతులు, కొబ్బరికాయలు! ఏటా వానలకి ముందు పెంకులు సర్దించక తప్పదు, ఆ పని చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. పడగొట్టిన ఇళ్ల పెంకులు దొరికినప్పుడల్లా కొని పెరట్లో పేర్చి ఉంచుతున్నాను. పడగ్గదిలో పెంకుల కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ వేశారు. ఒక్క పెంకు జరిగింది, ఒక్క రాత్రి వాన, పలక ఉబ్బి కిందికి వచ్చింది. పెంకుటింట్లో జిప్సం వద్దే వద్దు. చెక్క పలకలు వేయించుకోండి, లేదా దూలాలు కనపడనివ్వండి.

వంటిల్లు త్వరగా చెప్పేస్తాను. మాడ్యులర్ కిచెన్ పేరుతో సింకు కింద పార్టికల్ బోర్డు పెట్టారు, ఉబ్బిపోయింది. చెక్క పెట్టాల్సి వస్తే ఐఎస్ 710 మార్కున్న, నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం ప్లైవుడ్డే అడగండి, బిల్లు మీద రాయించుకోండి. మేం ఆ చోట కడప బండలతో అరలు కట్టించేశాం. అన్నట్టు, ఈ బండలు సున్నపురాయి జాతి. బాత్రూం యాసిడ్ తగిలితే మెరుపు పోతుంది, నిమ్మరసం కూడా మచ్చ చేస్తుంది. ఎర్ర ఆక్సైడ్ గచ్చుని పీకి టైల్స్ వేయమన్నవాళ్లే అందరూ. ఉంచేశాం. అతుకు వేసిన చోట రంగు కలవలేదు గానీ, కాళ్లకి హాయిగా ఉంది.

కరెంటు వైర్లు మొత్తం మార్పించి, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. ఇందులో బేరం లేదు.

చెదల గురించి ఎవరూ ముందు చెప్పరు. టేకు చేవని అవి పెద్దగా ముట్టుకోలేదు, ఎన్నో ఏళ్ల నాటి దూలాలు నిక్షేపంలా ఉన్నాయి. కొత్తగా చేయించిన ప్లైవుడ్ అల్మరానే తినేశాయి. గోడా నేలా కలిసే చోట బెజ్జాలు వేసి మందు ఎక్కించారు, గచ్చు పాడవకుండా వీలైనంత వరకు బయటివైపు నుంచే వేయించాం. మందు కన్నా ఎక్కువ పనిచేసింది వారం వారం మూలల్లోకి తొంగిచూడటం. మట్టి దారి కనపడగానే దులిపి, అక్కడ మందు కొడితే సరి.

అందుకే మస్కట్‌లోనో డల్లాస్‌లోనో ఉంటూ ఊళ్లో ఇల్లు ఇలా చేయించుకుందామని అడిగే చుట్టాలకి నేను వద్దనే చెబుతున్నాను. తాళం వేసిన ఇంట్లో లక్క పాలిష్ బూజు పడుతుంది, జారిన పెంకు ఎవరికీ కనపడదు, చెదలకి పండగ. మనిషి మసిలే ఇంటికే ఈ పద్ధతి. నమ్మకంగా ఉండే అద్దెకాపురం వాళ్లెవరైనా ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

వీధి గది సిమెంటు పూత ఊడగొట్టించేయడానికి మా మరిది ఈమధ్యే ఒప్పుకున్నాడు. వేసవిలో గోడలు ఇటుక దాకా గీకి, కొన్నాళ్లు ఆరనిచ్చి, అప్పుడు సున్నం. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ గదిలో ఎన్నాళ్ల ఉప్పు ఉందో, మొదటి పూతకే నిలుస్తుందో లేదో చూడాలి.