జింప్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగు: ఏడేళ్ల వాడకం తర్వాత

శుభలేఖలు, దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు తయారుచేసే పనికి 2018లో జింప్ 2.10 వచ్చిన ఏడాది నుంచి బొమ్మలు దిద్దే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌నే నేను వాడుతున్నాను, 2025లో 3.0కు మారాను. ఇందులో నాకు అన్నిటికంటే ఆలస్యంగా వంటబట్టింది బ్యాక్‌గ్రౌండ్ రంగు.

టూల్‌బాక్స్‌లో ఒకదానిపై ఒకటి ఒరిగినట్టు రెండు చతురస్రాలుంటాయి. వెనుకదే బ్యాక్‌గ్రౌండ్ రంగు. దాన్ని మారిస్తే బొమ్మ వెనుక రంగు మారుతుందని కొత్తవారు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి పేజీ ఇసుమంతైనా మారదు. నాటకాల్లో నేపథ్యమంటే తెర వెనుక నటులు వేషం కట్టుకునే చోటు కదా, ఈ రంగు కూడా అలాగే పిలుపు వచ్చేదాకా తెర వెనుక కాచుకొని ఉంటుంది.

ఆ పిలుపు మనకు తెలియకుండా వచ్చినప్పుడే చిక్కు. ఒకసారి శుభలేఖ అంచు కోసం బొమ్మలోంచి రంగును పట్టుకునే కలర్ పికర్‌తో కుంకుమ రంగు తీసుకుంటూ, కంట్రోల్ మీట నొక్కి ఉండటం వల్ల అది వెనుక చతురస్రంలోకి చేరిన సంగతి గమనించలేదు. పని ముగించి ఫ్లాటెన్ ఇచ్చేసరికి, పారదర్శకంగా వదిలిన చోటల్లా, వినాయకుడి చెవుల పక్క సందులతో సహా, ఎర్రబడింది. ఫ్లాటెన్ అంటే లేయర్లను, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలను, ఒకటిగా కలపడం; అప్పుడు ఖాళీలను జింప్ బ్యాక్‌గ్రౌండ్ రంగుతోనే నింపుతుంది. రబ్బరుదీ ఇదే తీరు: ఆల్ఫా ఛానల్ (పారదర్శకతను నమోదుచేసే భాగం) లేని లేయర్‌పై అది చెరపదు, ఆ రంగును పూస్తుంది. స్కాన్ చేసిన జేపీజీ తెరిచినప్పుడు లేయర్ పేరు ముద్దక్షరాల్లో కనిపిస్తే ఆల్ఫా లేదని గుర్తు; లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద దాన్ని చేర్చుకోవచ్చు.

అలవాటయ్యాక మాత్రం ఈ ఏర్పాటు చేతికి ఎంతో వాటంగా ఉంటుంది. ఎక్స్ మీట రెండు రంగులనూ తారుమారు చేస్తుంది, డీ మీట వాటిని నలుపు తెలుపులకు తెస్తుంది, కంట్రోల్‌తో చుక్క మీట నొక్కితే ఎంచుకున్న భాగమంతా బ్యాక్‌గ్రౌండ్ రంగుతో నిండుతుంది. అయినా అసలు నేపథ్యాన్ని నేను ఈ చతురస్రానికి వదిలిపెట్టను. అన్నిటికంటే అడుగున విడిగా ఒక లేయర్ వేసి, దానికే రంగు నింపుతాను. ముహూర్తం మారి, పసుపు బదులు ఆకుపచ్చ కావాలని పెళ్లివారు రాత్రి పదింటికి ఫోన్ చేసినా, ఆ ఒక్క లేయర్ మారిస్తే సరిపోతుంది.

జింప్‌లో పని ప్రధానంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో సాగుతుంది; అచ్చు యంత్రానివి వేరే సిరాలు. నేను పసుపుకు ఇచ్చే 255, 204, 0 తెరపై పచ్చగా మెరిసినా, ఫ్లెక్సీపై కాస్త మందగిస్తుంది. అందుకే ముందుగా అడుగు కొలతలో ముక్క అచ్చు వేయించి, ఎండలో పెట్టి చూశాకే మిగతాది వేయిస్తున్నాను.